60 దాటినవారు ఆదాయపు పన్ను మినహాయింపులు ఎలా వాడుకోవాలి: ముందు లెక్క, తర్వాతే కాగితాలు

జూన్ వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెన్షనర్లు నలుగురు కలిసిన ప్రతిచోటా ఇవే ప్రశ్నలు. "మాస్టారూ, 80సీ కింద ఎంత చూపించాలి? మందుల బిల్లులు పనికొస్తాయా? పోస్టాఫీసు వాళ్లు పన్ను కోసేశారు, వెనక్కి వస్తుందా?"

జవాబు ముందే చెప్పేస్తే సగం శ్రమ తగ్గుతుంది. పెన్షను, వడ్డీ కలిపి ఏడాదికి 12 లక్షల 75 వేలు దాటనివారికి కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు ఉండవు; మినహాయింపులున్నది పాత విధానం) పన్ను సున్నా. వాళ్లకు 80సీ (పొదుపు, పెట్టుబడుల మీద తగ్గింపు), 80డి (ఆరోగ్య బీమా మీద తగ్గింపు), మందుల బిల్లులు వేటితోనూ పని లేదు. బిల్లుల కట్ట పట్టుకుని తిరగాల్సినవాళ్లు చాలా కొద్దిమంది. మీరు అందులో ఉన్నారో లేదో తేల్చుకోవడమే మొదటి పని.

ఇక్కడి లెక్కలన్నీ 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి, అంటే ఎసెస్‌మెంట్ ఇయర్ 2026-27 రిటర్న్‌కు. 2026 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి ఆదాయపు పన్ను చట్టం, 2025 వర్తిస్తుంది. అందులో సెక్షన్ల నంబర్లు వేరు. ఈ రిటర్న్ మాత్రం పాత చట్టం నంబర్లతోనే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాన్, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోను. ఆ నంబరు బెంగళూరులో ఉన్న అబ్బాయిదైతే, ఓటీపీ చెప్పడానికి ఆయన ఖాళీగా ఉండే రోజు చూసి కూర్చోండి.
- ఫారం 16, అంటే ఏడాదిలో వచ్చిన పెన్షను, కోసిన పన్ను చూపే పత్రం. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఖజానా కార్యాలయం నుంచి, మాజీ సైనికులకు స్పర్శ్ పోర్టల్ నుంచి, బ్యాంకు ద్వారా పెన్షను తీసుకునేవారికి ఆ బ్యాంకు నుంచి.
- ప్రతి బ్యాంకు, పోస్టాఫీసు, సహకార బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్. పాస్‌బుక్కు చూసి కూడితే తప్పులొస్తాయి. మూడేళ్ల డిపాజిట్టు మీద ఏటా జమపడే వడ్డీ చేతికి రాకపోయినా ఆదాయమే, పాస్‌బుక్కులో అది కనబడదు.
- ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ (మీ పేరున కోసిన పన్నుల పట్టిక), ఏఐఎస్ (శాఖకు తెలిసిన మీ ఆదాయాల పట్టిక).
- పాత విధానంలో వెళ్లేవారికి మాత్రమే: ఆరోగ్య బీమా ప్రీమియం రసీదులు, డాక్టరు చీటీలు, బిల్లులు, పెట్టుబడి పత్రాలు.

1. మీ వయసు ఏ గడిలో పడుతుందో చూడండి

ఆర్థిక సంవత్సరంలో ఏ రోజున 60 నిండినా ఆ ఏడాదంతా మీరు సీనియర్ సిటిజనే. 80 నిండితే సూపర్ సీనియర్. ఏప్రిల్ 1న పుట్టినవారికి ముందురోజు, మార్చి 31నే వయసు నిండినట్టు లెక్క. అంటే 1966 ఏప్రిల్ 1న పుట్టినవారు ఈ ఏడాదికే సీనియర్లు.

మన దగ్గర అసలు పుట్టినరోజు వేరు, బడిలో వేయించిన తేదీ వేరు. పోర్టల్ మాత్రం పాన్‌లో ఉన్న తేదీనే చూస్తుంది. పాన్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే ముందు అది సరిచేయించండి. రెండూ లింకు కాక పాన్ పనిచేయకుండా పోతే, వడ్డీ మీద ముందుగానే టీడీఎస్ అనే పన్ను 10 శాతానికి బదులు 20 శాతం కోస్తారు. 80 దాటినవారికి మాత్రం ఈ లింకు తప్పనిసరి కాదు.

2. మొత్తం ఆదాయం ఒక కాగితం మీద రాయండి

పెన్షను, డిపాజిట్ల వడ్డీ, సేవింగ్స్ వడ్డీ, ఇంటి అద్దె, ప్రోనోటు మీద ఇచ్చిన అప్పుల వడ్డీ, స్థలం అమ్మితే లాభం. అన్నీ విడివిడిగా.

ఫ్యామిలీ పెన్షన్ దగ్గర తడబడేవాళ్లు ఎక్కువ. భర్త పోయాక భార్యకు వచ్చే పెన్షను జీతం కింద రాదు, ఇతర ఆదాయం కింద వస్తుంది. దానికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (పెన్షనర్లకు బిల్లులేవీ లేకుండానే దొరికే తగ్గింపు) ఉండదు. అందులో మూడో వంతు, లేదా 25,000, ఏది తక్కువైతే అది తగ్గుతుంది. పాత విధానంలో ఆ పరిమితి 15,000. పీఎఫ్ నుంచి వచ్చే ఈపీఎస్-95 పెన్షను అలా కాదు, జూట్ మిల్లులో రిటైరైన కార్మికుడికి వచ్చేది కూడా జీతం కిందే, స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది.

ప్రభుత్వ ఉద్యోగి రిటైరైనప్పుడు అందుకున్న కమ్యుటేషన్ సొమ్ముకు (పెన్షనులో కొంత వదులుకుని ఒకేసారి తీసుకున్నదానికి) పన్ను లేదు.

జీడి, కొబ్బరి తోటలున్నవారు ఒక మాట గుర్తుంచుకోండి. పిక్కలు, కాయలు అమ్మిన సొమ్ము వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. కానీ అది ఏడాదికి 5,000 దాటితే ఐటీఆర్-1 అనే మామూలు రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా పన్ను రేటు తేల్చడానికి దాన్నీ కలుపుతారు కాబట్టి, మిగతా ఆదాయం 12 లక్షలకు దగ్గరగా ఉంటే కొంత పన్ను పడవచ్చు. పిక్కలు కాల్చి, పప్పు తీసి అమ్మితే ఆ లాభం వ్యాపారంలోకి పోతుంది.

3. రెండు విధానాల్లోనూ లెక్క వేయండి

కొత్త విధానం: పెన్షను నుంచి 75,000 తీసేయండి. మిగిలినదాంట్లో 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షలకు 5 శాతం, 8 నుంచి 12 లక్షలకు 10, 12 నుంచి 16కు 15, 16 నుంచి 20కి 20, 20 నుంచి 24కు 25, ఆపైన 30 శాతం. నికర ఆదాయం (తగ్గింపులు పోగా మిగిలింది) 12 లక్షల లోపుంటే సెక్షన్ 87ఏ కింద పన్నులో 60,000 వరకు తగ్గింపు (రిబేటు), అంటే పన్ను సున్నా. వయసుతో సంబంధం లేదు, 25 ఏళ్ల కుర్రాడికైనా 85 ఏళ్ల తాతకైనా ఇవే శ్లాబులు.

పాత విధానం: పెన్షను నుంచి 50,000. ఆపైన 80సీ, 80డి, 80టీటీబీ (వడ్డీ మీద తగ్గింపు) వగైరా. 60 దాటినవారికి 3 లక్షలు, 80 దాటినవారికి 5 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 5 లక్షల వరకు 5 శాతం, 10 లక్షల వరకు 20, ఆ మీద 30. నికర ఆదాయం 5 లక్షల లోపైతే రిబేటుతో సున్నా. రెండింటిలోనూ తేలిన పన్ను మీద 4 శాతం సెస్సు.

ఉదాహరణకు టెక్కలిలో ఉండే 66 ఏళ్ల రిటైర్డ్ టీచరు లెక్క చూడండి. పెన్షను నెలకు 58,000, ఏడాదికి 6,96,000. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు, 8.2 శాతం చొప్పున వడ్డీ 1,23,000. బ్యాంకు డిపాజిట్ల వడ్డీ 92,000, సేవింగ్స్ వడ్డీ 6,000. మొత్తం 9,17,000.

కొత్త విధానంలో 75,000 పోగా 8,42,000. శ్లాబుల ప్రకారం 24,200, రిబేటు కూడా 24,200. కట్టాల్సింది సున్నా.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80టీటీబీ 50,000, 80సీ 1,50,000, బీమా ప్రీమియం 32,000 తీసేస్తే 6,35,000. పన్ను 37,000, సెస్సుతో 38,480. కాగితాలన్నీ సవ్యంగా ఉండి, ఒక్క బిల్లూ పోకుండా దాచుకున్నా 38 వేలు ఎదురు కట్టాలి.

పైగా ఈ 80సీ ఏటా రాదు. సీనియర్ సిటిజన్స్ స్కీములో డబ్బు వేసిన ఏడాదే దొరుకుతుంది. మూడేళ్ల కిందట వేసిన 15 లక్షలను ఈసారి కూడా చూపించడం చాలామంది చేసే తప్పు.

నికర ఆదాయం 12 లక్షలు కాస్త దాటిందని కంగారు పడొద్దు. 12,10,000 వస్తే శ్లాబుల ప్రకారం 61,500 పడాలి, కానీ 12 లక్షల పైన ఉన్న 10,000కు మించి పన్ను తీసుకోరు. సెస్సుతో 10,400.

4. పాత విధానం ఎవరికి లాభమో చూసుకోండి

పెన్షను, వడ్డీ కలిపి 20 లక్షలున్న సీనియరుకు కొత్త విధానంలో సెస్సు కాకుండా 1,85,000 పన్ను. పాత విధానంలో అంతకంటే తగ్గాలంటే తగ్గింపులన్నీ కలిపి 7.5 లక్షలు దాటాలి. ఇంటి రుణం వడ్డీ, తీవ్ర జబ్బు, వైకల్యం అన్నీ ఒకే మనిషికి ఉంటే తప్ప అది కుదరదు.

లాభం తేలేచోటు ఇంకొకటుంది. విజయనగరంలో 82 ఏళ్ల పెద్దాయనకు పెన్షను లేదు, డిపాజిట్ల వడ్డీ 2 లక్షలు. ఈ ఏడాది పాత స్థలం అమ్మితే దీర్ఘకాలిక లాభం 8 లక్షలు వచ్చింది. కొత్త విధానంలో వడ్డీ పోను 4 లక్షల పరిమితిలో ఇంకా 2 లక్షలే మిగులుతుంది. మిగతా 6 లక్షల లాభం మీద 12.5 శాతం, సెస్సుతో 78,000. మొత్తం 12 లక్షల లోపే కదా, రిబేటు వస్తుందనుకుంటారు. రాదు, స్థలం లాభం మీది పన్నుకు ఆ రిబేటు వర్తించదు. పాత విధానంలో 80టీటీబీ పోగా వడ్డీ 1.5 లక్షలే, 5 లక్షల పరిమితిలో ఇంకా 3.5 లక్షలు మిగులుతుంది. 4.5 లక్షల మీద 12.5 శాతం, సెస్సుతో 58,500. తేడా 19,500.

2024 జులై 23కు ముందు కొన్న స్థలమైతే కొన్న ధరకు ద్రవ్యోల్బణం కలిపి 20 శాతం చొప్పున కూడా లెక్క వేసి చూడండి, ఏది తక్కువైతే అదే కట్టవచ్చు. భూమి అమ్మిన ఏడాది మాత్రం ఆడిటరుకు ఫీజు ఇచ్చి చూపించుకోవడమే మేలు.

5. పాత విధానమే అని తేలితే, ఒక్కో మినహాయింపు ఇలా

80టీటీబీ: బ్యాంకు, సహకార బ్యాంకు, పోస్టాఫీసు వడ్డీ మీద 50,000 వరకు. సేవింగ్స్, డిపాజిట్లు అన్నీ కలిపే. చీటీల కంపెనీలో పెట్టింది, ఫైనాన్స్ కంపెనీ డిపాజిట్టు, చేబదులు వడ్డీ ఇందులోకి రావు. 80టీటీఏ అనే 10,000 గడి 60 లోపువారిది, దాన్ని ముట్టుకోవద్దు.

80డి: ఆరోగ్య బీమా ప్రీమియం 50,000 వరకు. బీమా లేని సీనియర్లు వైద్య ఖర్చునే 50,000 వరకు చూపించవచ్చు. నగదుగా ఇచ్చిన సొమ్ము చెల్లదు, 5,000 వరకు ముందస్తు ఆరోగ్య పరీక్షలకు తప్ప. మందుల షాపులో ఫోన్‌పే చేసి బిల్లు మీద మీ పేరు రాయించుకోండి. మీరు కొత్త విధానంలో ఉండి, మీ అబ్బాయో అమ్మాయో పాత విధానంలో ఉంటే మీ ప్రీమియం వాళ్ల ఖాతా నుంచి కట్టించండి. తల్లిదండ్రులకని మరో 50,000 వాళ్లకు తగ్గుతుంది. మీకు పెన్షను ఉన్నా అడ్డు లేదు.

80డిడిబి: ఉద్దానం వైపు వారు తప్పక చదవాలి. దీర్ఘకాలిక మూత్రపిండ వైఫల్యం, క్యాన్సరు, పార్కిన్సన్స్ వంటి నిర్దేశిత జబ్బులకు సీనియరైతే 1,00,000 వరకు. కిడ్నీ జబ్బుకు చీటీ రాసే డాక్టరుకు నెఫ్రాలజీలో డీఎం, లేదా యూరాలజీలో ఎంసీహెచ్, లేదా దానికి సమానమైన డిగ్రీ ఉండాలి. ఊళ్లో ఎంబీబీఎస్ డాక్టరు రాసింది చెల్లదు. ప్రభుత్వాసుపత్రిలో చికిత్సైతే అక్కడ పూర్తికాలం పనిచేసే జనరల్ మెడిసిన్ పీజీ డాక్టరు రాసినా సరిపోతుంది. చీటీ మీద రోగి పేరు, వయసు, జబ్బు పేరు, డాక్టరు పేరు, చిరునామా, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు, ప్రభుత్వాసుపత్రైతే దాని పేరు కూడా ఉన్నాయా అని కౌంటరు దగ్గరే చూసుకోండి. తర్వాత మళ్లీ పలాస వెళ్లి రాయించుకోవడం డయాలసిస్ రోగికి అయ్యే పని కాదు. ఉచితంగా జరిగిన డయాలసిస్‌కు చూపించడానికి ఖర్చే ఉండదు. సొంతంగా పెట్టిన సొమ్మే చూపాలి, బీమా నుంచి వచ్చింది తీసేయాలి. ఒకే బిల్లును 80డిలోనూ ఇక్కడా వాడకూడదు. ఈ సెక్షను కింద పిల్లలు చూపాలంటే రోగి వాళ్ల మీద ఆధారపడి ఉండాలి. సొంత పెన్షనున్న నాన్నగారికి అది నప్పదు.

80యు: సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం) 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. ఖర్చు చూపించాల్సిన పని లేదు.

80జి: గుడికిచ్చిన ప్రతి రసీదూ దీని కిందకు రాదు. సంస్థ ఫారం 10బీఈ (విరాళం సర్టిఫికెట్) ఇస్తేనే. 2,000 దాటిన నగదు విరాళం చెల్లదు.

6. టీడీఎస్ కోయకుండా ముందే ఆపండి

సీనియర్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 1,00,000 దాటితే 10 శాతం కోస్తారు. కోర్ బ్యాంకింగ్ ఉన్నచోట ఆ బ్యాంకు శాఖలన్నీ కలిపే లెక్క. బొబ్బిలి శాఖలో సగం, రాజాం శాఖలో సగం వేసినా లాభం లేదు. పోస్టాఫీసుకూ అదే పరిమితి. టెక్కలి టీచరుకు బ్యాంకు డిపాజిట్ల మీద కోత లేదు, 92,000 మాత్రమే కాబట్టి. పోస్టాఫీసులో 1,23,000 మీద 12,300 కోస్తారు.

ఏడాది మొత్తానికి మీ పన్ను సున్నా అయితే ఏప్రిల్ మొదటి వారంలోనే టీడీఎస్ వద్దనే డిక్లరేషన్ (2025-26 వరకు ఫారం 15హెచ్) ఇవ్వండి. ప్రతి బ్యాంకులో విడిగా, ఏటా కొత్తగా. రసీదు తీసుకోండి. కొత్త చట్టంతో ఫారాల నంబర్లు మారాయి కాబట్టి, కౌంటర్లో "టీడీఎస్ కోయకుండా ఇచ్చే డిక్లరేషన్" అని అడిగితే సరిపోతుంది. పన్ను పడుతుందని తెలిసీ ఇది ఇస్తే తప్పుడు ప్రకటన కింద కేసు వరకు వెళ్తుంది.

60 నిండని వితంతువులకు 2025-26 వరకు 15హెచ్ కాదు, 15జి ఉండేది. దానికి ఇంకో షరతు, ఏడాది వడ్డీ మొత్తం కనీస పరిమితి దాటకూడదు.

ఇప్పటికే కోసేస్తే ఆందోళన వద్దు. రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది.

7. రిటర్న్ వేయండి

"పన్ను సున్నా కదా, రిటర్న్ దేనికి?" అనేది అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. రిబేటుతో పన్ను సున్నా అయినా, ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. గడువు 2026 జులై 31. దాటితే ఆదాయాన్ని బట్టి 1,000 లేదా 5,000 రుసుము, పైగా పాత విధానం ఎంచుకునే హక్కు పోతుంది.

పోర్టల్‌లో పాన్‌తో లాగిన్ అయ్యాక ఎసెస్‌మెంట్ ఇయర్ 2026-27, ఐటీఆర్-1 ఎంచుకోండి. ఉద్యోగ రకం దగ్గర రాష్ట్ర ప్రభుత్వ పెన్షనరైతే "పెన్షనర్స్-ఎస్‌జీ". తర్వాత కొత్త విధానం నుంచి బయటికి వెళ్తారా అని అడుగుతుంది. కొత్తదే కావాలంటే "నో". ప్రశ్న తిరగేసి ఉంటుంది కాబట్టి, కొత్త విధానం కావాలని "ఎస్" నొక్కి 38 వేల పన్ను చూసి బెదిరినవాళ్లు ఉన్నారు.

డీఆర్ (కరువు భృతి), పీఆర్సీ (వేతన సవరణ) బకాయిలు ఒకేసారి వచ్చి పన్ను పెరిగితే సెక్షన్ 89 ఉపశమనం రెండు విధానాల్లోనూ ఉంది. కాకపోతే రిటర్న్ కంటే ముందు ఫారం 10ఇ ఆన్‌లైన్లో వేయాలి. అది వేయకుండా రిటర్న్‌లో ఉపశమనం రాస్తే కొట్టేసి నోటీసు పంపుతారు.

చివరగా ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయండి. 30 రోజుల్లో చేయకపోతే వేసిన తేదీ చెల్లదు. ఓటీపీ రాకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయవచ్చు, లేదా ఐటీఆర్-వి మీద సంతకం పెట్టి బెంగళూరు సీపీసీకి (రిటర్న్‌లు పరిశీలించే కేంద్రం) స్పీడ్ పోస్టులో పంపవచ్చు.

రిటర్న్ బాధ లేని దారి ఒకటుంది. 75 నిండి, పెన్షను, ఆ బ్యాంకులోని వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివారు ఆ బ్యాంకుకే ఫారం 12బీబీఏ ఇస్తే, పన్ను లెక్క బ్యాంకే చూసుకుంటుంది. పక్క పోస్టాఫీసులో ఒక్క డిపాజిట్టున్నా ఇది కుదరదు. 80 దాటినవారు ఐటీఆర్-1ను కాగితం మీదా ఇవ్వవచ్చు. వ్యాపార ఆదాయం లేని సీనియర్లకు ముందస్తు పన్ను వాయిదాల బెడద లేదు.

8. సరిగ్గా జరిగిందో లేదో ఇలా చూడండి

వేసే ముందు: మీ వడ్డీ సర్టిఫికెట్ల మొత్తం, ఏఐఎస్‌లో వడ్డీ మొత్తం పక్కపక్కన రాయండి. ఏఐఎస్‌లో ఎక్కువుంటే, ఒకే డిపాజిట్టు రెండుసార్లు పడిందా, జాయింటు ఖాతా వడ్డీ వచ్చిందా చూడండి. తప్పైతే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి. తక్కువుంటే మీ సర్టిఫికెట్ లెక్కే రాయండి. ఫారం 26ఏఎస్‌లో లేని టీడీఎస్ రిటర్న్‌లో రాస్తే రీఫండ్ రాదు, ముందు కోసినవారిని అడగాలి.

పంపే ముందు: 87ఏ గడిలో అంకె ఉందా, కట్టాల్సిన పన్ను సున్నా చూపిస్తోందా, రీఫండ్ మొత్తం కోసిన టీడీఎస్‌కు సమానంగా ఉందా. బ్యాంకు ఖాతా పోర్టల్‌లో వాలిడేట్ అయి ఉండాలి. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్కులో పొడి అక్షరాల్లో ఉంటే రీఫండ్ అక్కడే ఆగుతుంది.

పంపాక: సెక్షన్ 143(1) ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. అందులో రెండు వరుసలుంటాయి, మీరు చెప్పింది ఒకటి, వాళ్లు లెక్కగట్టింది ఒకటి. తేడా ఏ గడిలో ఉందో వెతకండి. మీదే తప్పైతే గడువులోగా సవరించిన రిటర్న్ వేయవచ్చు.

రీఫండ్‌లో ఇంత శాతం ఇస్తే ఎక్కువ తెప్పిస్తామనే ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. లేని జబ్బుకు 80డిడిబి, లేని విరాళానికి 80జి రాసి పంపుతారు. ఇలాంటి దొంగ మినహాయింపుల మీద 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా తనిఖీలు చేసింది. నోటీసు ఏజెంటుకు రాదు, పాన్ ఎవరిదో వారికే వస్తుంది. లాగిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరితో వేయించినా రిటర్న్ కాపీ ముద్రించి తీసుకుని, మినహాయింపుల పేజీలో మీకు తెలియని అంకె ఉంటే వెంటనే అడగండి.